కళ్ళం లేని సంక్రాంతి

మన సభామండపాలలో ఏటా జనవరి నడుమ ప్రదర్శించే సంక్రాంతి రూపకానికి ఇప్పుడొక స్థిరమైన రూపం ఏర్పడింది. తెర తొలగగానే అట్టలతో కట్టిన పూరిల్లు కనిపిస్తుంది. ఇంటి ముందు గుడ్డమీద రంగులతో వేసిన ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మలు, గుంజలకు కట్టిన చెరకుగడలు, చూరుకు వేలాడే ప్లాస్టిక్ వరికంకులు. పట్టుపంచె కట్టిన తాతగారు అరుగుమీద కూర్చుండి మనవలకు మూడు రోజుల పండుగ కథ చెబుతారు. హరిదాసు వస్తాడు, గంగిరెద్దు వస్తుంది, పట్టుపరికిణీల బాలికలు ఒక సినిమా పాటకు నర్తిస్తారు, చిన్నవాని తలపై భోగిపండ్లు పోస్తారు. అందరూ వరుసగా నిలిచి నమస్కరిస్తారు. ముప్పావు గంటలో పండుగ ముగుస్తుంది.

ఈ రూపకాన్ని ఒక సాహిత్యకృతిని విమర్శించినట్లే ఇక్కడ విమర్శించదలచాము. అట్టలు కత్తిరించి, దుస్తులు కుట్టి, నోరు తిరగని పిల్లలచేత తెలుగు మాటలు పలికించే తల్లుల శ్రమ మాకు తెలియనిది కాదు. అయితే ఆ శ్రమకు తగిన గౌరవం చప్పట్లతో తీరదు. దక్షిణాఫ్రికాలో మన పిల్లలలో అధికసంఖ్యాకులకు సంక్రాంతిని గురించి దొరికే గ్రంథం ఈ రూపకమొక్కటే. నాయనమ్మ నోట తెలుగు వినిపించే ఇండ్లు ఎన్ని మిగిలాయో పాఠకులకు తెలుసు. 1996 నాటి రాజ్యాంగంలో గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో మన భాష పేరు కూడ ఉన్నది, అక్షరదోషంతోనే అయినా. ఆ పేరు వెనుక నిలిచే సరుకు ఇటువంటి ప్రదర్శనలలోనే ఉన్నది గనుక దానిని శ్రద్ధగా చదవవలసి ఉన్నది.

మొదటి వాక్యంతోనే మొదలుపెడదాము. నేటి నుండి సూర్యుడు ఉత్తర దిక్కుకు మరలుతాడు, పగళ్ళు పెరుగుతాయి, చలి తగ్గుతుంది అని తాతగారు అంటారు. మనవలు శాలువలు కప్పుకొని వణుకుతున్నట్లు నటిస్తారు. అదే సమయంలో మండపంలో పంకాలు తిరుగుతుంటాయి, ప్రేక్షకులు కార్యక్రమపత్రాలతో విసురుకొంటుంటారు. డర్బన్ నగరం భూమధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 30 డిగ్రీలలో ఉన్నది. ఇక్కడ సంవత్సరంలో అతి దీర్ఘమైన పగలు డిసెంబరు 21 లేదా 22. ఆనాడు పగలు సుమారు 14 గంటలు. సంక్రాంతి వచ్చేసరికి మన పగళ్ళు తగ్గనారంభించి మూడు వారాలు దాటుతుంది. మా సాయంకాలపు తరగతిలో ఒక పన్నెండేండ్ల బాలిక, "టీచరుగారూ, ఇక్కడ పొద్దు తగ్గుతున్నది కదా, మరి తాతగారు పెరుగుతుందని ఎందుకన్నారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు రూపకంలో సమాధానం లేదు. బడిలో భూగోళం చదివే పిల్ల గుడిలో విన్న మాటను మెల్లగా నమ్మడం మానుతుంది. ఒక మాట నమ్మనిది తరువాతి మాటలను కూడ అనుమానంగానే వింటుంది.

నిజానికి సమాధానం చెప్పడం కష్టం కాదు. ఉత్తరాయణమంటే సూర్యుడు ఉత్తరానికి నడవడం. ఆ నడక మనకూ నిజమే. కాకపోతే అతడు మన వైపుకు రావడం లేదు, మనలను విడిచి పోతున్నాడు. ఆంధ్రదేశంలోనైనా పగళ్ళు పెరగడం డిసెంబరు చివరనే మొదలవుతుంది. మకరరాశి ప్రవేశాన్ని నక్షత్రాలను బట్టి లెక్కించే మన పంచాంగానికీ ఋతువులను బట్టి నడిచే లెక్కకూ మధ్య శతాబ్దాలుగా ఎడం పెరుగుతూ వస్తున్నది. సుమారు 70 ఏండ్లకు ఒక రోజు చొప్పున సంక్రాంతి ముందుకు జరుగుతున్నది. వివేకానందస్వామి 1863 జనవరి 12న జన్మించారు. ఆ రోజు మకర సంక్రాంతి. మనకిప్పుడది 14న గాని 15న గాని వస్తున్నది. ఈ చిన్న లెక్కలో పిల్లలకు ఎంతో ఆసక్తి కలిగించే విషయమున్నది. మద్రాసు నుండి వచ్చిన ట్రూరో నౌక డర్బన్ చేరినది 1860 నవంబరు 16న. దానిలో వచ్చినవారికి ఈ గడ్డమీద తొలి సంక్రాంతి రెండు నెలలలోపే, జనవరి 12 ప్రాంతంలో, ఎదురైంది. చలి లేదు, మంచు లేదు, నడి వేసవి. తాతగారి పాత్రచేత చెప్పించవలసిన మాట ఇది. శాలువలు పక్కన పెట్టవచ్చు.

ఇక పంట. సంక్రాంతి పంటల పండుగ అని రూపకం పలుమార్లు చెబుతుంది, ఏ పంట, ఎవరి పంట అన్నది మాత్రం చెప్పదు. ఆంధ్రదేశంలో సార్వా వరి ఇంటికి చేరే కాలమిది. నటాల్ తీరంలో చెరకు నరికే కాలం ఏప్రిలు నుండి డిసెంబరు వరకు. జనవరిలో గానుగలు నిలిచి ఉంటాయి, చేలో చెరకు ఎదుగుతూ ఉంటుంది, కలుపు దానికంటె వేగంగా ఎదుగుతుంది. కనుక ఒప్పంద కూలీలుగా వచ్చిన మన పూర్వులకు జనవరి కోతకాలం కాదు, పారతో వంగి కలుపు తీసే కాలం. ఇక్కడ సంక్రాంతి మొదటినుండీ చేతికందిన పంటకు కృతజ్ఞత కాదు. విడిచివచ్చిన పంటను తలచుకోవడమే. తలపు మీద నిలిచిన పండుగలో తలపు సరిగా ఉండాలి. చేలో వరి ఎదురుగా ఉన్నవాడు పాటలో మాట తప్పినా పండుగ చెడదు. మనకు మాట తప్పితే మిగిలేది అట్టల ఇల్లే.

ఆ అట్టల ఇంటి గుంజలకు కట్టిన చెరకుగడల దగ్గర మేము ప్రతిసారీ ఆగిపోతాము. చెరకు మంగళవస్తువు; భోగిపండ్లలో చెరకు ముక్కలు కలుపుతారు, అరిసెల పాకానికి బెల్లం దానినుండే వస్తుంది. అలంకారంగా కట్టడంలో తప్పేమీ లేదు. కాని ఎదుట కూర్చున్న ప్రేక్షకులెవరు? ఎవరి ముత్తాతలు ఈ గడను వేల ఎకరాలలో నాటి, నరికి, మోపులు కట్టి మోశారో, ఎవరి చేతులను ఆ ఆకు అంచు కోసిందో వారి మునిమనవలు. అటువంటి సభలో చెరకుగడ ఒక్క మాట కూడ లేకుండ గుంజకు ఆనుకొని నిలబడి ఉంటుంది. రూపకరచయితకు ఇంతకంటె సిద్ధమైన వస్తువు మరొకటి దొరకదు. ఒక మనవడు, "తాతా, మనం దీనికోసమే వచ్చామా?" అని అడిగితే చాలు, రూపకం అక్కడ నిజంగా మొదలవుతుంది.

ఇప్పుడు ఇంటి విషయం. వేదికమీది ఇల్లు ఎవరిది? అరుగు, గాదె, పట్టుపంచె, వాకిట గంగిరెద్దును ఆడించి కొత్త వస్త్రమిచ్చే చేయి, ఇవన్నీ ధాన్యం తన ఇంటికి చేరిన రైతు గుర్తులు. అటువంటి ఇంటిని చూపడం తప్పు కాదు. ఆ ఒక్క ఇంటినే చూపి ఇదే మన ఊరు అనడం తప్పు. ధాన్యం గాదెలోకి దానంతట నడిచిరాదు. వరి కోసి, పనలు వేసి, కట్టలు కట్టి, కుప్ప పెట్టి, తరువాత కళ్ళంలో పరచి నూర్చాలి, పశువులచేత తొక్కించాలి, గాలివాలు చూసి తూర్పారబట్టాలి, రాశి పోయాలి. రాశికి పూజ చేసి కొలవడం మొదలుపెడతారు. మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరువాతనే రెండు, మూడు. ఆ కొలత జరుగుతుండగా కళ్ళం చుట్టూ మనుషులు నిలబడి ఉండేవారు. కోసిన కూలీలకు ధాన్యంలోనే కూలి. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు కాల్చిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, బట్టలుతికిన చాకలికి, క్షౌరం చేసిన మంగలికి మేర, అంటే ఏడాది పనికి ఆచారంగా కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా. జమీందారీ గ్రామాలలో వీరందరితోపాటు జమీందారు లెక్క ఒకటి. అన్నీ తీరిన తరువాత మిగిలినది గాదెకు చేరేది. ఇక కోసిన చేలో రాలిన కంకులను ఏరుకొనేవారు కూడ ఉండేవారు. దానిని పరిగె ఏరుకోవడమంటారు. ముసలివారు, పిల్లల తల్లులు, ఏ మేరా లేనివారు పరిగెతో ఒకటి రెండు నెలలు గడుపుకొనేవారు.

కళ్ళం, కుప్ప, తూర్పారబట్టడం, రాశి, మేర, పరిగె. ఈ ఆరు మాటలలో ఒక్కటైనా మన రూపకంలో వినబడదు. భాష నేర్పే దృష్టితో చూసినా ఇది పెద్ద లోటు. ఏండ్ల తరబడి చదివినా మన విద్యార్థులకు పండుగ మాటలంటే శుభాకాంక్షలు, సంప్రదాయం, సంస్కృతి అనే మూడు పెద్ద మాటలే తెలుస్తున్నాయి. ఇవి ఏ పండుగకైనా సరిపోతాయి గనుక ఏ పండుగకూ చెందవు.

భాష కంటె లోతైన కారణం మరొకటి ఉన్నది. 1860 నుండి 1911 వరకు నటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వారి నౌకల జాబితాలలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, శరీరంమీది గుర్తులు వ్రాసి ఉన్నాయి. వానిని తిరగవేసినవారికి తెలుసు, అన్ని కులాలవారూ వచ్చారు, భూమి ఉన్నవారూ కొందరు వచ్చారు. కాని నెలకు 10 షిల్లింగులకు, ఏడాదికొక షిల్లింగు పెంపుకు, 5 ఏండ్లు కట్టుబడి సముద్రం దాటినవారిలో నిండు గాదెను విడిచివచ్చినవారు ఎందరుండగలరు? 1866లో ఆగిన వలస 1874లో మళ్ళీ మొదలైంది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని మహాక్షామం పీడించింది. అప్పటి సంక్రాంతులలో కళ్ళమే లేదు. మనలో ఎక్కువమంది పూర్వులు అరుగుమీద కూర్చున్నవారు కారు, కళ్ళం అంచున నిలబడినవారు, చేలో పరిగె ఏరినవారు. వారిని వేదికమీదికి రానివ్వని రూపకం మన పిల్లలకు మరొకరి తాతగారిని చూపి మీ తాతగారని చెబుతున్నది.

ఈ మాట కొందరికి చేదుగా ఉంటుందని ఎరుగుదుము. పండుగనాడు పేదరికం ఎందుకు, పిల్లలకు అందమైనదే చూపుదాము అన్న వాదన మేము విన్నాము. కాని కళ్ళం అందమైనది కాదని ఎవరన్నారు? తూర్పారబట్టే స్త్రీ చేట ఎత్తి నిలిచిన భంగిమ, గాలికి ఎగిరే పొట్టు, రాశి చుట్టూ గీసే గీత, లాభం అన్న తొలి పిలుపు, వీటికంటె వేదికకు తగిన దృశ్యం అరుగుమీద ఉపన్యాసమా? ఆ వాటాలు సమానమైనవని మేమనము. కొలిచే చేయి బరువు ఎటు మొగ్గేదో కథలు, సామెతలు చాలానే చెబుతాయి. అయినా కళ్ళం దగ్గర కూలివాని ధాన్యానికి ఆచారం సాక్షిగా ఉండేది, ఊరు సాక్షిగా ఉండేది. చెరకుతోటలో అతనికి బియ్యం, పప్పు, ఉప్పు దుకాణంలో తూచి ఇచ్చేవారు. ఆ రెండు కొలతల మధ్య తేడాను ఒక చిన్న సన్నివేశంలో చూపగల రచయిత మనలో లేకపోలేదు.

హరిదాసు పాత్రను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రూపకంలో అందరికంటె ఎక్కువ చప్పట్లు అతనికే, అందరికంటె ఎక్కువ అన్యాయమూ అతనికే. అతడు రంగు తలపాగాతో వచ్చి, ధ్వనివర్ధకం అందుకొని, సభకు నమస్కారం చెప్పి, ఒక కీర్తన పాడి, తన వేషంలోని ప్రతి వస్తువునూ వివరించి వెళ్ళిపోతాడు. నిజమైన హరిదాసు ధనుర్మాసమంతా తెల్లవారుజామున వీధులలో తిరుగుతాడు. తలమీద పూలు చుట్టిన అక్షయపాత్ర, ఒక చేత చిడతలు, ఒక చేత తంబుర, కాలికి గజ్జె. అతడు ఇంటింటా నిలిచి అడగడు, ముచ్చటించడు. హరినామం తప్ప అతని నోట మాట లేదు. పాట వినబడగానే ఇంట్లోని పిల్ల దోసిట బియ్యం పట్టుకొని పరుగెత్తుతుంది. పాత్ర ఎత్తుగా ఉంటుంది గనుక అతడు ఆమె కోసం మోకాలు వంచుతాడు. బియ్యం పడిన తరువాత లేచి సాగిపోతాడు. ఇంటికి చేరేదాకా పాత్రను దించడు. ఇందులో నాటకమంతా ఆ మోకాలు వంచడంలో ఉన్నది. ఇచ్చే చేయి చిన్నది, పుచ్చుకొనేవాడు పెద్దవాడు, పెద్దవాడే వంగుతాడు. మన వేదికమీద ఎవ్వరూ బియ్యం పోయరు. ఇచ్చేవారు లేని చోట హరిదాసు పాటగాడు మాత్రమే అవుతాడు. ధ్వనివర్ధకం తీసివేసి, అతనిని సభ నడుమ దారిలో నడిపించి, ప్రేక్షకులలోని పిల్లలచేత నిజమైన బియ్యం పోయించాలి. ఆ బియ్యం ఆనాటి ప్రసాదానికి వంటశాలకు పోతుంది. మాటలు తక్కువ గనుక తెలుగు రాని పిల్లకు కూడ ఆ దృశ్యంలో పూర్తి పాత్ర దొరుకుతుంది.

గంగిరెద్దు సన్నివేశాన్ని మాత్రం మేము మనసారా మెచ్చుకొంటాము. ఒక దుప్పటి కింద ఇద్దరు బాలురు, ముందువానికి కొమ్ములు, వెనుకవానికి తోక. వెనుకవాడు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యంగానే నడుస్తాడు, సభ నవ్వుతుంది. అయ్యగారికి దండం పెట్టమంటే ఎద్దు తల ఊపుతుంది, అమ్మగారికి పెట్టమన్నా ఊపుతుంది. పిల్లలు దానిని తాము కనిపెట్టిన ఆటలాగ ఆడుతారు. రూపకమంతటిలో జీవమున్న చోటు అదే. ప్రతిదానికీ సరే అనేవానిని గంగిరెద్దులా తల ఊపుతున్నాడని మన భాషలో అంటారు. ఆ పలుకుబడి ఈ దృశ్యం చూసిన పిల్లకు ఒక్కసారి చెబితే మరువదు. మా తరగతిలో ఇప్పుడు పాఠం అర్థం కాకుండ తల ఊపేవానికి ఆ పేరే పెట్టుకొన్నారు.

బాలికల నృత్యానికి వస్తే, పరికిణీలు అందంగానే ఉంటాయి, అభ్యాసమూ బాగుంటుంది. పాట మాత్రం యంత్రంలో మోగుతుంది. గొబ్బి తట్టడం నృత్యప్రదర్శన కాదు, చూసేవారికోసం చేసేదీ కాదు. ఆవుపేడ గొబ్బెమ్మలను గుమ్మడిపూలతో, పసుపు కుంకుమలతో అలంకరించి నడుమ ఉంచి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు తట్టుతూ పాడే ఆట. ఒకరు చరణం అందుకొంటారు, తక్కినవారు పల్లవి అందిస్తారు. భాష నేర్చుకొనేవారికి ఇంతకంటె అనుకూలమైన ప్రక్రియ ఉన్నదా? నోరు తిరిగిన ఒక్క పిల్ల చరణం పాడితే చాలు. మిగిలిన పదిమందీ ఒకే మాటను ఇరవైసార్లు తప్పులేకుండ పలుకుతారు. ఈ వరాన్ని పక్కన పెట్టి, ఎవ్వరూ నోరు విప్పనవసరం లేని సినిమా పాటను ఎందుకు ఎన్నుకొంటున్నామో మాకు అర్థం కాదు. స్వరం తప్పినా, ఊపిరి అందకపోయినా, పిల్లల గొంతులే వినాలని తల్లిదండ్రులకు ఉంటుంది.

చూరుకు వేలాడే ప్లాస్టిక్ కంకులను గురించి ఒక్క మాట. వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు, గుడి మండపానికి వేలాడదీయడం పిచ్చుకల కోసం. పంటలో వాటికీ వాటా ఉన్నది. అలంకారం దాని తరువాతి సంగతి. డర్బన్‌లోని ఊరపిచ్చుకలు కూడ 19వ శతాబ్దం చివర భారతదేశం నుండి వచ్చినవే. ఇక్కడి నుండే అవి దక్షిణాఫ్రికా అంతటా వ్యాపించాయి. ప్లాస్టిక్ కంకిని అవి ముట్టవు. ఇక్కడ వరికంకి దొరకకపోతే జొన్నకంకి దొరుకుతుంది.

రూపకంలో కనుమ దాదాపు లేనే లేదు. సంక్రాంతి పేరు చెప్పి, మూడవనాడు పశువులను పూజిస్తారని ఒక వాక్యంతో దాటిస్తారు. కారణం ఊహించగలము. కోస్తా జిల్లాలలో కనుమనాడు మాంసం వండుతారు; దేవాలయ మండపంలో ఆ మాట ఎత్తడం ఇబ్బంది. ఇబ్బంది నిజమే, కాని దానికోసం మూడవ వంతు పండుగను కోసివేయనక్కరలేదు. కనుమనాడు మినుము తినాలన్న మాట ఉన్నది, గారెలు ఉన్నాయి. కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి ఎద్దులను ఊరేగించడం ఉన్నది. ఆనాడు కాకి కూడ కదలదని ప్రయాణాలు మానుకోవడం ఉన్నది. ఏడాదంతా అరక లాగిన ఎద్దుకు ఒక్క రోజు సెలవు దొరికిందని చెబితే మన పిల్లలకు ఇంకొక ప్రశ్న తోస్తుంది: మరి తోటలో కూలికి? మన పూర్వులకు ఏడాదికొకసారి దొరికిన పండుగ సెలవు మొహర్రంది. హిందువులూ దానిలో పాల్గొన్నారు. ఇది చరిత్రలో దాచవలసిన విషయం కాదు, చెప్పుకోవలసిన విషయం.

ఒప్పందం తీరిన తరువాత ఎందరో చిన్న చిన్న మడులు కౌలుకు తీసుకొని వంకాయలు, చిక్కుళ్ళు, మిరపకాయలు పండించారు. తెల్లవారకముందే గంపలతో డర్బన్ సంతకు నడిచారు. నటాల్ గడ్డమీద మనవారు తమదని చెప్పుకోగలిగిన తొలి పంట అది. కళ్ళం దృశ్యం తరువాత, హరిదాసు రాకముందు, ఆ గంపలకు రూపకంలో చోటు ఉండాలి. దానికి అట్టల ఇల్లు అక్కరలేదు. రెండు గంపలు, ఒక లాంతరు చాలు.

ఇక పెద్దలు. ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్దపండుగ అంటారు. కొత్తబట్టలు ముందుగా చనిపోయిన పెద్దల పేర పెట్టి మొక్కి, ఆ తరువాతనే కట్టుకొంటారు. మనలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మూలాలు గల కుటుంబాలు చాలా ఉన్నాయి. అయినా రూపకంలో ఈ ఆచారానికి చోటు లేదు. మూడు రోజులలో మనకు అత్యంత సమీపమైనది ఇదే. వరి లేకపోయినా, చలి లేకపోయినా, ఎద్దు లేకపోయినా, పెద్దలు మనకున్నారు. వారి పేర్లు అభిలేఖాగారంలోని పట్టికలలో ఉన్నాయి. వచ్చే ఏటి రూపకం చివర తాతగారు ఉపన్యసించనక్కరలేదు. ఒక పళ్ళెంలో కొత్తబట్ట, ఒక దీపం ఉంచి, పిల్లలు తమ తమ కుటుంబాల తొలి వ్యక్తి పేరు, ఊరు, నౌక పేరు చదివితే చాలు.

ఒక చిక్కు ఉన్నది. ఆ పేర్లను వ్రాసిన గుమాస్తాలకు తెలుగు రాదు. విన్నది విన్నట్లు ఆంగ్లలిపిలో గీశారు. అప్పన్న, అప్పయ్య, అప్పమ్మ ఒకే తీరులో కనిపిస్తారు. ఊరి పేర్లు మరీ గుర్తుపట్టరానివి. ఆంధ్ర జిల్లాల పటాన్ని ఎదుట పెట్టుకొని ఒక్కొక్కటి పోల్చి తెలుగులో వ్రాయాలి. మా సాయంకాలపు తరగతి ఈ పనిని ఫిబ్రవరిలో మొదలుపెడుతున్నది. తమ పూర్వుల సంఖ్యగాని నౌక పేరుగాని తెలిసిన కుటుంబాలవారు ఒక కాగితంమీద వ్రాసి దేవాలయ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. సంఖ్య తెలియకపోయినా, ఇంట్లో పెద్దలు చెప్పుకొన్న ఊరి పేరు ఎట్లా పలికేవారో అట్లాగే వ్రాయండి.